బానిస చేతి అరబ్బీ వ్రాత: ఉమర్ బిన్ సయీద్ ఆత్మకథపై ఒక పరిశీలన

అమెరికాలోని నల్లజాతి బానిసలు తమ బతుకులను గురించి తామే చెప్పుకొన్న గ్రంథాలు పందొమ్మిదో శతాబ్దంలో అనేకం వెలువడ్డాయి. 1845లో ఫ్రెడరిక్ డగ్లస్ ప్రచురించిన ఆత్మకథ వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. సాధారణంగా ఇవి చెర నుంచి తప్పించుకొని ఉత్తరాది రాష్ట్రాలకు చేరినవారు ఇంగ్లీషులో రాసినవి. బానిసత్వ రద్దును కోరే సంఘాలు ఊరూరా పంచినవి. 1831లో ఉత్తర కరోలినా రాష్ట్రంలో ఉమర్ బిన్ సయీద్ రాసిన పదిహేను పుటల వ్రాతప్రతి ఈ వరుసలో ఒదగదు. యజమాని ఇంట బానిసగా ఉంటూనే అతడు దీనిని రాశాడు. అరబ్బీలో రాశాడు. అమెరికా బానిసలు అరబ్బీలో రాసుకొన్న ఆత్మకథలలో మనకు దక్కినది ఇదొక్కటేనని పరిశోధకులు చెబుతున్నారు.

ఉమర్ పేరు వినగానే ముస్లిం పాఠకులు మొట్టమొదట అడిగే ప్రశ్న, అతడు కడదాకా ముస్లింగా ఉన్నాడా అన్నది. క్రైస్తవ మిషనరీలు తమ కాలంలో ఇదే ప్రశ్నను తిరగేసి అడిగారు. అతడు క్రైస్తవుడయ్యాడని సంతోషంగా ప్రకటించుకొన్నారు. రెండు పక్షాలకూ కావలసింది సాక్ష్యపత్రమే. ఈ పెనుగులాటలో ఉమర్ నిజంగా ఏమి రాశాడు, ఏ మాటను ఏ మాట పక్కన ఉంచాడు అన్న విచారణ వెనుకబడిపోయింది. ఈ వ్యాసంలో ఆ విచారణకే ప్రాధాన్యమిస్తున్నాను.

ముందుగా జీవితరేఖ. ఉమర్ 1770 ప్రాంతంలో పశ్చిమాఫ్రికాలో, సెనెగల్ నదికి చేరువనున్న ఫూటా తోరో సీమలో జన్మించాడు. ఫులానీ జాతివాడు. తన సోదరుడైన షేఖ్ ముహమ్మద్ సయీద్ దగ్గరా, మరి ఇద్దరు షేఖుల దగ్గరా ఇరవై ఐదేళ్ళు విద్య నేర్చానని రాసుకొన్నాడు. ఇంటికి తిరిగి వచ్చి ఆరేళ్ళున్నాక ఒక పెద్ద సైన్యం వచ్చిపడి అనేకులను చంపింది, అతణ్ణి పట్టుకొని సముద్రతీరానికి తెచ్చి అమ్మింది. నెలన్నర ప్రయాణం తర్వాత ఓడ దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ రేవు చేరింది. ఇది 1807 నాటి మాట. బయటి దేశాల నుంచి బానిసలను దిగుమతి చేసుకోరాదన్న చట్టం అమెరికాలో 1808 జనవరి 1న అమలులోకి వచ్చింది. తలుపు మూసుకోబోతున్న ఘడియలో లోపలికి నెట్టబడినవాడన్నమాట.

చార్లెస్టన్‌లో అతణ్ణి కొన్నవాడు జాన్సన్. ఉమర్ అతణ్ణి దైవభీతి లేని కాఫిర్ అంటాడు. మహాకష్టమైన పనికి తాళలేక నెల రోజులకు పారిపోయి ఫాయెట్‌విల్ అనే ఊరు చేరాడు. నమాజు చేసుకొందామని ఒక ప్రార్థనా మందిరంలోకి వెళ్ళగా చూసినవారు పట్టించారు. పదహారు రోజులు జైలులో ఉన్నాడు. జైలు గోడల మీద బొగ్గుతో అరబ్బీ అక్షరాలు రాశాడనీ, వింత చూడడానికి జనం వచ్చారనీ ఆనాటి కథనాలు. చివరకు జేమ్స్ ఓవెన్ అనే భూస్వామి అతణ్ణి తన వాడుగా చేసుకొన్నాడు. మిగిలిన జీవితమంతా ఆ కుటుంబంలోనే గడిచింది. 1864లో, అంతర్యుద్ధం నడుస్తుండగానే చనిపోయాడు. బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడవ రాజ్యాంగ సవరణ 1865 డిసెంబరులో వచ్చింది.

ఇక్కడ ఒక విషయం మీద నిలవాలి. జేమ్స్ ఓవెన్ సోదరుడు జాన్ ఓవెన్ 1828 నుంచి 1830 దాకా ఉత్తర కరోలినా గవర్నరు. అతని హయాంలోనే ఆ రాష్ట్రపు బానిస యజమానులను ఒక చిన్న పుస్తకం కలవరపెట్టింది. దాని కర్త డేవిడ్ వాకర్. అదే రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో పుట్టిన స్వతంత్ర నల్లజాతీయుడు. బోస్టన్‌లో పాత బట్టల దుకాణం నడుపుకొనేవాడు. 1829లో నల్లజాతివారందరికీ ఒక విజ్ఞప్తి అచ్చువేసి, ఓడల మీద వచ్చిపోయే నావికుల ద్వారా దక్షిణాది రేవులకు పంపించాడు. బానిసలను కొని అమ్మే క్రైస్తవులను వారి గ్రంథం పేరిటే నిలదీసిన పుస్తకమది. 1830 ఆగస్టులో ప్రతులు విల్మింగ్టన్‌లో కనిపించగా అక్కడి అధికారి గవర్నరు ఓవెన్‌కు కబురు పంపాడు. ఓవెన్ సంగతిని శాసనసభ ముందుంచాడు. ఆ సమావేశాలలోనే ఒక చట్టం వచ్చింది: బానిసలకు చదవడం, రాయడం నేర్పరాదు, అంకెలు మాత్రం నేర్పవచ్చు. నేర్పినవాడు తెల్లవాడైతే వంద నుంచి రెండు వందల డాలర్ల జుర్మానా లేదా జైలు. తోటి బానిసకు నేర్పిన బానిసకైతే ముప్పై తొమ్మిది కొరడా దెబ్బలు.

ఉమర్ ఆత్మకథ సరిగ్గా దీని మరుసటి సంవత్సరం పుట్టింది. బానిస చేతిలో కలం ఉండరాదని శాసించిన గవర్నరు కుటుంబంలోనే ఒక బానిస చేతికి కలమూ కాగితమూ ఇచ్చారు, రాయమని ప్రోత్సహించారు, రాసినదానిని అతిథులకు చూపించారు. దీనికి వారి ఔదార్యం కారణమని చాలా కాలం చెప్పుకొన్నారు. నాకు తోచే కారణం మరింత సులువైనది. ఆ కాగితాల మీద ఏమున్నదో చదవగలిగినవాడు ఆ ఇంట్లో గాని, ఆ ఊళ్ళో గాని లేడు. వాకర్ పుస్తకాన్ని ప్రతి బానిసా చదివించుకొని వినగలడు, గనుక అది విషం. ఉమర్ వ్రాతను ఎవడూ చదవలేడు, గనుక అది వినోదం. ఒకే సర్కారు ఒక వ్రాతను పట్టి తగలబెట్టాలనుకొని మరొక వ్రాతను ముచ్చటగా దాచుకొన్నదంటే, తేడా ఆ రచయితల తెగువలో ఉన్నదని మనం తొందరపడి తేల్చరాదు.

రాయమని అడిగిందెవరు? ఉమర్ తన వ్రాతను షేఖ్ హంటర్ అనే వ్యక్తిని సంబోధిస్తూ సాగిస్తాడు. ఈయన అమెరికన్ కాలనైజేషన్ సొసైటీతో సంబంధమున్నవాడని పండితుల ఊహ. ఈ సొసైటీ బానిసత్వ రద్దు కోసం పుట్టినది కాదు. 1816లో ఏర్పడిన ఈ సంస్థ లక్ష్యం, స్వతంత్రులైన నల్లవారిని ఆఫ్రికాకు తరలించడం. వాకర్ తన పుస్తకంలో దీనిని తీవ్రంగా ఖండించాడు కూడా. అరబ్బీ తెలిసి, క్రైస్తవం పుచ్చుకొన్న ఆఫ్రికన్ దొరికితే ఆ ఖండంలో మత ప్రచారానికి ఎంతో పనికివస్తాడని వారి ఆశ.

అడిగినదానికి ఉమర్ చెప్పిన మొదటి జవాబు, తన జీవితాన్ని తాను రాయలేననడం. తన మాటా మరచిపోయాననీ, అరబ్బీ కూడా చాలా మరచిపోయాననీ, తప్పుపట్టవద్దనీ వేడుకొంటాడు. 2023లో బాయె లో, కార్ల్ ఎర్న్‌స్ట్ అనే పండితులు ఉమర్ రచనలన్నింటినీ పరిశీలించి వెలువరించిన గ్రంథానికి ఈ నిరాకరణనే పేరుగా పెట్టారు. అది వినయమర్యాద మాత్రమే కాదని వారి వాదం. వినే సమాజమే లేనిచోట రాసేవాడు ఎవరికోసం రాయాలి? మదరసాలలో చదివిన మనవంటివారు ఉమర్ అరబ్బీలోని నహ్వ్ దోషాలు చూసి పెదవి విరవడం సులభం. ఇరవై నాలుగేళ్ళు పరభాషల మధ్య, పరుల పనిలో గడిపి, పుస్తకం ఎదుట లేకుండా ఒక దీర్ఘమైన సూరాను జ్ఞాపకం మీద రాయగలవాడు మనలో ఎందరున్నారో చెప్పలేను.

ఆ సూరాయే ఈ రచనకు ముఖద్వారం. బిస్మిల్లాతో, దైవప్రవక్త (స) మీద సలాత్‌తో ప్రారంభించి ఉమర్ సూరా ముల్క్ రాశాడు. ఆ తర్వాతనే స్వవిషయం. ఈ ఎంపికలోని అర్థాన్ని మొదట గట్టిగా వాదించినవాడు 2011లో ఈ ఆత్మకథను కొత్తగా అనువదించి ప్రచురించిన అలా అల్‌రయ్యిస్. ముల్క్ అనగా సార్వభౌమత్వం, యాజమాన్యం. అది అల్లాహ్‌కు మాత్రమే చెందుతుందని చెప్పే సూరాతో మొదలుపెట్టడం ద్వారా, మనిషి మీద మనిషికి గల యాజమాన్యాన్ని ఉమర్ నిశ్శబ్దంగా తోసిపుచ్చాడని ఆయన అభిప్రాయం. మన పాఠకులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. మాలిక్, మిల్కియత్, మమ్లూక్ అన్న మాటలు మన ఇళ్ళలో, కిరాయి కాగితాలలో, చరిత్ర పుస్తకాలలో నలిగినవే. అన్నీ ఆ ఒక్క ధాతువు బిడ్డలు.

దీనికి అభ్యంతరం చెప్పవచ్చు. సూరా ముల్క్ రాత్రివేళ పఠించే అలవాటు ముస్లిం లోకమంతటా ఉన్నది, చాలామందికి కంఠస్థం. వృద్ధాప్యంలోకి అడుగిడుతున్న పండితుడికి అది నోటికి రావడం సహజం. కావున అందులో రాజకీయం వెతకడం మన కాలపు తొందర కాదా? ఈ అభ్యంతరం బలమైనదే. సూరా ఒక్కదానినే పట్టుకొని నిలబడితే అల్‌రయ్యిస్ వాదం ఊగిసలాడుతుంది. అయితే అరబ్బీ మాటల వెంట నడిస్తే మరొక ఆధారం దొరుకుతుంది. నేను ముఖ్యంగా చెప్పదలచినది దీని గురించే.

సూరా తొలి ఆయత్‌లో ఆ ముల్క్ ఎక్కడున్నదని చెప్పబడింది? అల్లాహ్ చేతిలో. అక్కడి మాట ‘యద్’. ఉమర్ తన కథ మొదలుపెట్టాక ఈ ‘చేయి’ వదిలిపెట్టదు. సముద్రతీరానికి తెచ్చి తనను ఒక నస్రానీ చేతికి అమ్మారంటాడు. ఇప్పుడు జిమ్ ఓవెన్ చేతిలో ఉన్నానంటాడు. ఆ చేతిలో తనకు ఆకలి లేదనీ, దెబ్బలు లేవనీ, తిట్లు లేవనీ లెక్క చెబుతాడు. ఇంగ్లీషు అనువాదాలలో కూడా ఈ మాట కనిపిస్తుంది గాని, వారి నుడికారంలో అది అరిగిపోయిన పలుకుబడిలా జారిపోతుంది. పైగా సూరాను ఉపోద్ఘాతంగా, కథను అసలు విషయంగా విడదీసి చదివే పాఠకుడికి ముందరి చేయి, వెనుకటి చేయి కలిసి కనిపించవు. ఖుర్ఆన్ కంఠస్థంగా ఉన్నవాడు రాసేటప్పుడు మాత్రం అలా విడిపోవు. కొద్ది పుటల ముందు తన చేత్తోనే సర్వాధికారం ఎవరి చేతిలో ఉన్నదో రాసినవాడు, వెంటనే తాను ఎవరెవరి చేతులు మారిందీ రాస్తున్నాడు. దీనిని ఉద్దేశపూర్వకమైన తిరుగుబాటు అనాలని నేను పట్టుబట్టను. కాని కొలబద్ద ముందు పెట్టి, తర్వాత వస్తువును పెట్టిన క్రమం అది. కొలవడం చదువరి వంతు.

ఇంకొక చోటు. జైలు నుంచి బయటపడ్డాక, చార్లెస్టన్‌కు తిరిగి వెళ్తావా అని అతణ్ణి అడుగుతారు. జవాబుగా ఉమర్ ‘లా’ అన్న అరబ్బీ మాటను ఒకదాని వెంట ఒకటిగా ఎన్నోసార్లు రాస్తాడు. వ్యాకరణం అక్కరలేని చోటు అది. చార్లెస్టన్‌కు పోను, జిమ్ ఓవెన్ చేతిలోనే ఉంటాను అన్నది ఆ జవాబు సారాంశం. మంచి యజమానిని కోరుకొన్న విధేయ సేవకుడని ఓవెన్ కుటుంబ మిత్రులు దీనినుంచి కథ అల్లారు. ఒక చేయికీ మరొక చేయికీ మధ్య తప్ప వేరే ఎంపిక లేనివాడు, తనకు మిగిలిన ఒకే ఒక్క చోట కాదనగలిగినన్ని సార్లు కాదన్నాడు. దీనిని విధేయత అనాలంటే చాలా గట్టి గుండె కావాలి.

ఆ విధేయత ఎంతమాత్రమో తెలుసుకోవడానికి మరొక కాగితం ఉన్నది. 1819లో ఉమర్ జాన్ ఓవెన్‌ను ఉద్దేశించి అరబ్బీలో ఒక లేఖ రాశాడు. ఖుర్ఆన్ ఆయత్‌లు, చదువుకొన్న పాఠాల తునకలు ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉండగా, మధ్యలో ఆఫ్రికాలోని తన ఊరిలో మళ్ళీ కనిపించాలని ఉన్నదన్న కోరిక బయటపడుతుంది. జాన్ హన్విక్ అనే పండితుడు ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో దీనిని చదివి, విడుదల కోసం చేసిన మనవిగా గుర్తించాడు. అంటే లేఖ చేరవలసిన చోటు చేరిన దాదాపు రెండు శతాబ్దాలకు అందులోని మాట వినబడింది.

అనువాదకుల కథ విచిత్రమైనది. 1836లో ఉమర్ తన ఆత్మకథ ప్రతిని న్యూయార్కులోని లామీన్ కేబెకు పంపాడు. ఈయన కూడా పశ్చిమాఫ్రికా నుంచి బానిసగా వచ్చినవాడు. అంతకు ముందు స్వదేశంలో ఉపాధ్యాయుడు. తమ వైపు మదరసాలలో ఏయే గ్రంథాలు చెబుతారో థియోడర్ ద్వైట్ అనే అమెరికన్ విద్వాంసునికి వివరించిన మనిషి. ఆ కాగితాలను అర్థం చేసుకోగల తొలి చదువరి ఆయనే. ఇద్దరు బానిసలు ఒకరి చదువును ఒకరు గుర్తించుకొన్న ఆ సంభాషణలో మరేమి దొర్లిందో తెలిస్తే ఎంత బాగుండేది! కేబె ఆ ప్రతిని ద్వైట్‌కు ఇచ్చాడు. 1848లో అలెగ్జాండర్ కోథీల్ దానికి ఇంగ్లీషు అనువాదం చేశాడు. సిరియాలో మిషనరీగా పనిచేసి వచ్చిన ఐజక్ బర్డ్ చేసిన మరొక అనువాదాన్ని సవరించి, 1925లో జె. ఫ్రాంక్లిన్ జేమ్సన్ అమెరికన్ చరిత్రకారుల పత్రికలో ప్రకటించాడు. ఆ తర్వాత మూలప్రతి కనుమరుగైంది. 1995లో వర్జీనియాలో ఒక పెట్టెలో బయటపడి, మరుసటి ఏడు వేలంలో అమ్ముడుపోయింది. 2017లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం కొన్నది. రాసినవాడి లాగే వ్రాత కూడా చేతులు మారింది.

తప్పు అనువాదం అంటే మాటకు మాట తప్పు పడడమే కాదు. 1857లో, ఎనభై ఏళ్ళు దాటిన ఉమర్ ఒక కాగితం మీద అరబ్బీలో కొన్ని పంక్తులు రాశాడు. ఇది క్రైస్తవుల ప్రభు ప్రార్థన అని ఎవరో దానికి ఇంగ్లీషులో చీటీ రాసిపెట్టారు. చదివి చూస్తే అది సూరా నస్ర్. దీనిని పట్టుకొని మనవారు కొందరు విజయం విజయం అని కేకపెడుతున్నారు. ఆ సూరా విషయం కూడా విజయమే గనుక మరింత ఉత్సాహం. నేనంత దూరం పోను. మక్తబులో చిన్నపిల్లలకు మొదట చెప్పే చిన్న సూరాలలో అదొకటి. ముసలితనంలో పసితనపు పాఠమే కదా చివరిదాకా నిలిచేది. నా దృష్టి ఆ చీటీ మీద. చదవడం రానివారు అర్థం రాసిపెట్టారు, దాదాపు వంద సంవత్సరాలకు పైగా అదే అర్థంగా చెలామణి అయింది. బానిస యాజమాన్యమంటే శరీరాన్ని ఉంచుకోవడంతో ఆగదు; అతని మాటకు అర్థం చెప్పే హక్కును కూడా ఉంచుకోవడం.

విశ్వాసం ప్రశ్నను దాటవేస్తున్నానని పాఠకులు అనుకోకూడదు. 1820-21 ప్రాంతంలో ఉమర్ ప్రెస్బిటీరియన్ చర్చిలో బాప్తిస్మం పొందాడు. మిత్రులు తెప్పించి ఇచ్చిన అరబ్బీ బైబిలు చదివేవాడు. ఆత్మకథలో, క్రైస్తవ దేశానికి రాకముందు తెల్లవారకముందే మసీదుకు నడిచేవాడిననీ, వుజూ చేసుకొని నమాజు చేసేవాడిననీ, జకాత్ ఇచ్చేవాడిననీ, హజ్ చేశాననీ రాసి, అప్పుడు ఫాతిహా చదివేవాడిననీ ఇప్పుడు మసీహా నేర్పిన ప్రార్థన చదువుతున్నాననీ రెండూ పక్కపక్కనే పొందుపరిచాడు. ముందరి పుటలలో బిస్మిల్లా, సలాత్, సూరా. ఏది మనసులోది? బలవంతానికి లోనైనవాడి నోటి మాట గురించి మన ఫిఖ్హ్ ఏమంటుందో, హజ్రత్ అమ్మార్ బిన్ యాసిర్ (రజి) ఉదంతం ఏమి నేర్పుతుందో తెలిసినదే. ఆ నీడ ఉమర్‌కు కూడా చాలు. ఆ ఉదంతంలో ప్రశ్న హృదయాన్ని గురించి అడగబడింది, జవాబు అమ్మార్ చెప్పారు. ఉమర్‌ను అడగడానికి మనకు వీలులేదు. అతని తరఫున జవాబు చెప్పే అధికారమూ లేదు.

నాకు ఇబ్బంది కలిగించేది వేరొకటి ఉన్నది. ఉమర్ మావాడే అని చెప్పుకొనే మనం, ఆ వాక్యం వెనుక ఉన్న చరిత్రలో సగమే తలకెత్తుకొంటున్నాం. ఫూటా తోరోలో కూడా బానిసలు ఉండేవారు. ఉమర్ జాన్సన్‌ను దూషిస్తాడు, ఓవెన్‌ను పొగుడుతాడు. బానిసత్వం అనే వ్యవస్థ గురించి నేరుగా తీర్పు చెప్పడు. మన ఫిఖ్హ్ గ్రంథాలలో బానిసల విడుదలకు ప్రత్యేక అధ్యాయం ఉన్నది, దానిని పుణ్యకార్యంగా, ప్రాయశ్చిత్తంగా నిర్దేశించారు. ఇది మనకు గర్వకారణమే. అయితే విడుదల అధ్యాయం ఉన్నదంటే బందీలు కూడా ఉన్నారని అర్థం. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట ఉన్నది. ఆ పేరులోని మొదటి అక్షరం ఆఫ్రికాదనీ, నిజాముల అశ్వదళంలో పనిచేసిన ఆఫ్రికన్ సంతతివారి నివాసమనీ నగరవాసులలో ఎందరికి తెలుసు? వారు కొలువుకు ఏ దారిన వచ్చారో మన చరిత్రకారులు ఎంత శ్రద్ధగా రాశారు? సూరా ముల్క్‌తో ఓవెన్ ఇంటిని కొలిచిన కొలబద్దను, మన దర్బారుల ముందు దాచిపెట్టడం న్యాయం కాదు.

ఇటీవల ఈ ఆత్మకథ రంగస్థలం ఎక్కింది. ఉత్తర కరోలినాకు చెందిన గాయని రియానన్ గిడెన్స్ సాహిత్యం రాసి, మైకేల్ ఏబెల్స్‌తో కలిసి స్వరపరచిన ‘ఉమర్’ అనే ఆపెరాను 2022 మే 27న చార్లెస్టన్‌లో, స్పోలెటో ఉత్సవంలో మొదటిసారి ప్రదర్శించారు. ఆ తర్వాత లాస్ ఏంజిల్స్, చాపెల్ హిల్, బోస్టన్, శాన్ ఫ్రాన్సిస్కోలలో ఆడింది. 2023లో సంగీతానికి పులిట్జర్ బహుమతి పొందింది. సంగీతం విషయమై మన ఉలమాలలో ఉన్న అభిప్రాయభేదాలు ఇక్కడ చర్చనీయం కావు. అమ్మకానికి దిగిన రేవులోనే, తన పేరిట, తన అక్షరాలను తెరల మీదా దుస్తుల మీదా నింపుకొని ఒక నాటకం జరగడం చిన్న సంగతి కాదు.

విమర్శకుడిగా ఒకటి మెచ్చుకొంటాను, ఒకటి ఒప్పుకోను. ఉమర్ వ్రాతలో తనతో ఓడలో వచ్చినవారి గురించి ఒక్క మాట లేదు. అంగట్లో పక్కన నిలబడినవారు లేరు. ఓవెన్ పొలాలలో పనిచేసిన తోటి బానిసలు లేరు. అది తెల్లవారు అడిగి రాయించిన వ్రాత. తోటివారి పేర్లు అందులోకి రాకపోవడం వారికి మేలే కావచ్చు. ఆపెరా ఈ ఖాళీని బృందగానంతో నింపింది. ఓడ అడుగున, అంగడిలో, పొలంలో ఉన్న జనం అందరికీ గొంతు వచ్చింది. జూలీ అనే బానిస స్త్రీ పాత్రను కల్పించి, ఫాయెట్‌విల్ దారి ఆమె చేత చెప్పించారు. కల్పనే అయినా సబబైన కల్పన. పారిపోయినవాడు ఒంటరిగా దారి కనుక్కోడు. ఎవరో ఒకరు చెబుతారు, వారి పేరు కాగితానికి ఎక్కదు.

ఒప్పుకోనిది తల్లి పాత్రను వాడిన తీరు. తల్లి ఆత్మ కనిపించి, నీ కథ రాయమని ప్రోత్సహిస్తుంది. జూలీ కూడా అదే కోరుతుంది. ఉమర్ కలం పడతాడు. చూసేవారి కళ్ళు చెమరుస్తాయి. కాని మూలంలో రాయమన్నది తల్లి కాదు, షేఖ్ హంటర్. ఉమర్ మొదటి జవాబు ‘రాయలేను’ అని. నిరాకరణను వరప్రసాదంగా మార్చడంతో నాటకానికి ముగింపు కుదిరింది, వ్రాతలోని కరుకుదనం పోయింది. అడిగినవాడి కోసం కాక, చదవగలవాడు ఎప్పటికైనా రావచ్చునని రాసిన కష్టం అందులో కనబడదు.

ఫాయెట్‌విల్‌లోని నల్లజాతి ముస్లిములు దీనికి భిన్నమైన పని చేశారు. 1991లో తమ మసీదుకు ఉమర్ పేరు పెట్టుకొన్నారు. నమాజు చేసుకోవడానికి స్థలం వెతికి పట్టుబడినవాడి పేరు అదే ఊళ్ళో ఒక నమాజు స్థలానికి.

ఈ ఆత్మకథ తెలుగులోకి రావలసి ఉన్నది. చేసేవారికి ఒక మనవి. సూరాను ఖుర్ఆన్ అనువాదాలలో దొరుకుతుంది గదా అని వదిలివేసి, కథ నుంచి మొదలుపెట్టవద్దు. ‘యద్’ వచ్చిన ప్రతిచోటా ‘చేయి’ అనే అనండి. చేతికి అమ్మడం, చేతిలో ఉండడం, చేతులు మారడం తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన మాటలు; ఇంగ్లీషువారికి జారిపోయినది మనకు జారిపోనక్కరలేదు. వ్యాకరణ దోషాలను దిద్ది నున్నగా చేయవద్దు. ‘లా’ ఎన్నిసార్లు రాశాడో లెక్కపెట్టి అన్నిసార్లూ రాయండి. మూలం కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. 2019 జనవరి నుంచి కాంగ్రెసు గ్రంథాలయం ఆ పుటల ఛాయాచిత్రాలను అందరికీ అందుబాటులో ఉంచింది. ఆ సేకరణలో మొత్తం 42 పత్రాలున్నాయి. పనామాలోని ఒక పశ్చిమాఫ్రికా బానిస అరబ్బీలో రాసినదీ అందులో ఒకటి. మగ్రిబీ లిపి మొదట కొంచెం కొత్తగా ఉంటుంది: ‘ఫా’కు చుక్క కింద, ‘ఖాఫ్’కు ఒకటే చుక్క పైన. రెండు మూడు పుటలు చదివితే కన్ను అలవాటుపడుతుంది.